ఏ పార్కు కావాలని అడిగే ముందు ఆ నేలలో ఏముందో చెప్పండి

మీ ప్రశ్న సారాంశం ఇది. పదేళ్లకు పైగా మూతపడి ఉన్న ఫ్యాక్టరీ స్థలాన్ని పార్కుగా మార్చాలనుకుంటున్నారు. ప్రజాభిప్రాయ సేకరణ బాధ్యత మీ కమిటీ మీద పడింది. మూడు డిజైన్లు గీయించారు, పద్నాలుగు ప్రశ్నల ఫారం రాసుకున్నారు, ఒక సాయంత్రం సభ పెడుతున్నారు. చిమ్నీ ఉంచాలా కూల్చాలా అని జనం అప్పుడే రెండు వర్గాలయ్యారు. ఇంకేం చేర్చాలి అని అడిగారు.

చేర్చాల్సింది తక్కువేనండీ, పక్కన పెట్టాల్సిందే ఎక్కువ. ముందుగా ఆ మూడు డిజైన్లను బీరువాలో పెట్టి తాళం వేయండి.

ఇంత మొహమాటం లేకుండా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి ఇలాంటి బాధ్యత తీసుకున్నప్పుడు సరిగ్గా మీలాగే చేశాను. నాలుగు రంగుల బొమ్మలు గోడకు అంటించి, వచ్చినవాళ్లందరి చేతికీ గుండ్రటి స్టిక్కర్లిచ్చి, నచ్చిన బొమ్మ మీద అతికించమన్నాం. సభ బ్రహ్మాండంగా జరిగింది. పిల్లల ఆటస్థలం తూర్పు మూల ఉన్న బొమ్మ గెలిచింది. సభ ముగిసి కుర్చీలు మడుస్తుంటే, ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చి, ‘ఆ మూలన డ్రమ్ములు పూడ్చాం గదా బాబూ, ఉయ్యాలలు అక్కడే వేస్తారా?’ అన్నాడు. సభ జరిగిన రెండు గంటలూ ఆయన వెనక వరసలోనే కూర్చున్నాడు. మేం అడిగింది ఏ బొమ్మ నచ్చిందని. ఆయనకు తెలిసింది చెప్పడానికి మా ఫారంలో గడి లేదు.

తర్వాత తవ్వి చూస్తే ఆయన చెప్పింది నిజమే. ఆటస్థలం మార్చాల్సి వచ్చింది, దాంతో మిగతావన్నీ పక్కకు జరపాల్సి వచ్చింది. స్టిక్కర్లు అంటించినవాళ్లు ‘మా ఓట్లు ఏమయ్యాయి?’ అని నిలదీశారు. జవాబు చెప్పలేకపోయాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మట్టి పరీక్ష కాకుండానే పార్కుకు రంగులు ఎంచమన్నాం మరి.

అందుకే ఇప్పుడు నా పద్ధతి వేరు. పాత పారిశ్రామిక స్థలం విషయంలో మొదటి విడత సంప్రదింపు కోరికల కోసం కాదు, జ్ఞాపకాల కోసం. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో లోపల పనిచేసినవాళ్లు, గోడ పక్కన కాపురం ఉన్నవాళ్లు, లారీలు తోలినవాళ్లు, వాచ్‌మన్లు, వీళ్లు మీకు దొరికే అతి విలువైన సమాచారం. కాగితాల మీద ఉండే ప్లాన్లలో షెడ్లు కనిపిస్తాయి గానీ, రాత్రి షిఫ్టులో వాడేసిన నూనె ఎక్కడ పారబోశారో కనిపించదు. ఏ ట్యాంకును తీయకుండా మట్టి కప్పి వదిలేశారో, ఏ కాలువ దారి మళ్లించారో, ఎక్కడ ఒకసారి మంటలు లేచాయో అవి మనుషుల తలల్లోనే ఉంటాయి. ఆ తలలు పండిపోతున్నాయి కూడా. ఇంకో ఐదారేళ్లు ఆగితే అడగడానికి మనిషి దొరకడు.

దీనికి సభ పనికిరాదు. పాత ప్లాను ఒకటి పెద్ద సైజులో ప్రింటు తీయించి, నలుగురైదుగురిని బల్ల చుట్టూ కూర్చోబెట్టండి. ఒకరు ‘పంపు రూము ఇక్కడ’ అంటే ఇంకొకరు ‘కాదు, స్క్రాప్ యార్డు వెనకాల’ అంటారు. ఆ వాదనే మీకు కావాలి. రంగు పెన్సిళ్లిచ్చి గుర్తులు పెట్టమనండి. వీలైతే ఫ్యాక్టరీ లోపలే, ఇంజనీరును వెంటబెట్టుకుని నడుస్తూ చూపించమనండి. నడుస్తుంటే కాళ్లకే గుర్తొస్తాయి చాలా సంగతులు. ఒక మాట మాత్రం ముందే ఇవ్వాలి: ‘ఎవరు పూడ్చారు’ అని అడగం, ‘ఎక్కడ పూడ్చారు’ అనే అడుగుతాం, చెప్పినవాళ్ల పేర్లు రాసుకోం అని. లేకపోతే యాజమాన్యం మీద కేసు పెడతారేమో, పెన్షను మీదికి వస్తుందేమో అని నోరు విప్పరు.

ఆ గుర్తులున్న ప్లాను మట్టి నమూనాలు తీసేవాళ్లకు ఇవ్వండి. వాళ్లు మామూలుగా స్థలాన్ని గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిలో బోరు వేసి నమూనా తీస్తారు. రెండు గళ్ల మధ్య ఉన్న గొయ్యి వాళ్లకు దొరక్కపోవచ్చు. ఫిట్టరు పెట్టిన పెన్సిలు గుర్తు దగ్గర ఒక బోరు అదనంగా వేస్తే దొరుకుతుంది.

ఫ్యాక్టరీలో ఏం తయారు చేసేవారో మీరు రాయలేదు. అది చాలా ముఖ్యం, ఎందుకంటే వెతకాల్సిన విషం దాన్ని బట్టి మారుతుంది. బ్యాటరీల పని అయితే సీసం. తోళ్లు పదునుచేసే చోటైతే క్రోమియం. బొగ్గు నుంచి గ్యాస్ తీసిన చోట తారు, బెంజీన్, కొన్నిచోట్ల సైనైడ్ లవణాల వల్ల నీలంగా మారిన మట్టి. లోహపు భాగాల జిడ్డు వదిలించిన చోట ట్రైక్లోరోఇథిలీన్ అనే ద్రావకం ఉండొచ్చు, అది నీటికన్నా బరువు కాబట్టి పైన తేలకుండా భూగర్భ జలాల అడుగుకి దిగిపోతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర, వాటి నూనెలో వాడిన పీసీబీలు అనే విష రసాయనాలు. ఇక సిమెంటు రేకుల షెడ్లు దాదాపు ఏ పాత ఫ్యాక్టరీలోనైనా ఉంటాయి, కూల్చేటప్పుడు ఆ రేకుల్లోంచి లేచే ఆస్‌బెస్టాస్ దుమ్ము సంగతి అందరికంటే ముందు చూడాలి.

ఫలితాలు వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. అధికారులు సాధారణంగా రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ‘అంతా సురక్షితం’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, లేదా రెండొందల పేజీల నివేదికను వెబ్‌సైటులో పడేసి చేతులు దులుపుకుంటారు. మొదటిదాన్ని ఎవరూ నమ్మరు, రెండోదాన్ని ఎవరూ చదవరు. మీరు చేయాల్సింది, ప్రతి విషపదార్థానికీ మూడు ప్రశ్నలకు మామూలు మాటల్లో జవాబు రాయడం: అది ఎక్కడుంది, అక్కడి నుంచి మనిషిని చేరే దారి ఏది, ఆ దారిని ఎలా మూస్తాం. మట్టిలో సీసం ఉంటే దారి దుమ్ము, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే చేతులు. భూగర్భంలో ద్రావకం ఉంటే దారి బావులు, బోర్లు, కట్టడాల్లోకి పైకి వచ్చే ఆవిరి. దారి మూసుకుపోతే ప్రమాదం తగ్గుతుంది, పదార్థం అక్కడే ఉన్నా సరే. ఈ ముక్క అర్థమైతే జనం భయం సగం తగ్గుతుంది. మిగతా సగం న్యాయమైన భయమే, దాన్ని తగ్గించాలని చూడకండి.

‘సురక్షితం’ అనే మాటను మాత్రం నేను వాడను. ‘ఈ రోజున్న ప్రమాణం ప్రకారం పరిమితిలోపు ఉంది’ అంటాను. గీత కదులుతూ ఉంటుంది కాబట్టి. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల దగ్గరి మట్టిలో సీసానికి 1994 నుంచి కిలోకు 400 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టుకుని, 2024 జనవరిలో దాన్ని 200కు దించింది. అంతకు ముందురోజు దాకా ఫర్వాలేదన్న నేల మర్నాటికి ఆలోచించాల్సిన నేల అయింది. ఈ సంగతి మీరే ముందు చెబితే నిజాయితీ. పదేళ్ల తర్వాత ఇంకెవరో చెబితే మోసం.

ఎవరో ఒకరు లేచి ‘పొద్దుతిరుగుడు మొక్కలు నాటితే విషమంతా లాగేస్తాయట’ అంటారు, తప్పకుండా అంటారు. మొక్కలతో నేల శుద్ధి అబద్ధం కాదు. టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ మొక్క ఆర్సెనిక్‌ను ఆకుల్లోకి పెద్ద మోతాదులో లాక్కుంటుందని 2001లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కానీ వేరు దిగినంత లోతే దాని పని, ఏళ్లకేళ్లు పడుతుంది, కోసిన ఆకులు మళ్లీ విషపు చెత్తే. ఒక మూలన ప్రయోగంగా పెట్టి పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. దాని మీద నమ్మకం పెట్టుకుని గేట్లు తెరవకండి.

ఎక్కువ చోట్ల చివరికి జరిగేది ఇది: బాగా పాడైన మట్టిని తీసుకెళ్తారు, మిగతా దాని మీద రంగు గుడ్డలాంటి హెచ్చరిక పొర పరిచి, పైన శుభ్రమైన మట్టి కప్పుతారు. ఎప్పుడైనా ఎవరైనా గునపంతో తవ్వితే ఆ రంగు కనిపించి ఆగాలని. ఇది డిజైన్‌ను ఎంత మారుస్తుందో చూడండి. పైపొర మందం తక్కువైతే పెద్ద చెట్లు కుదరవు, లేదా చెట్లు నాటే చోట మట్టిదిబ్బలు లేపాలి. చెరువు కావాలంటే అడుగున నీరు ఇంకని పొర వేయాలి, లేకపోతే ఇంకిన నీరే విషాన్ని కిందికి మోసుకెళ్తుంది. కూరగాయల మడులు కావాలంటే నేల మీద కాదు, ఎత్తయిన తొట్లలో. మీ మూడు డిజైన్లలోనూ చెరువు, పెద్ద చెట్ల తోపు ఉన్నాయని రాశారు. అవి సాధ్యమో కాదో ఎవరికీ తెలియకుండానే జనాన్ని ఎంచుకోమంటున్నారు.

ఇప్పుడు ఫారం సంగతి. పద్నాలుగు ప్రశ్నల్లో పదకొండు ‘మీకు ఏం కావాలి’ అనే రకమే. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించింది. అడుగు మెట్టు జనాన్ని మాయచేయడం, పై మెట్టు అధికారం జనం చేతిలోనే ఉండటం. సంప్రదింపు కింద నుంచి నాలుగో మెట్టు. అంటే అభిప్రాయం తీసుకుంటారు, పాటిస్తామన్న హామీ మాత్రం లేదు. నాలుగో మెట్టు మీద ఉండటం తప్పేమీ కాదు, ఏడో మెట్టు మీద ఉన్నట్టు నటించడం తప్పు. కాబట్టి ఫారం మొదటి పేజీలో ప్రశ్నలు వద్దు. మూడు జాబితాలు రాయండి: ఇప్పటికే తేలిపోయినవి, మట్టి పరీక్ష తేల్చేవి, మీ మాటను బట్టి తేలేవి. మూడో జాబితా చిన్నదైతే చిన్నదే. గేట్లు ఎక్కడ, ఎన్నింటికి తెరవాలి, దీపాలు, కూర్చునే చోట్లు, కుక్కలను రానివ్వాలా, పేరు ఏమిటి, ఇంతే కావచ్చు. అందులో జనం మాట నిజంగా చెల్లితే, పెద్ద విషయాల్లో మీరు కాదన్నది కూడా అర్థం చేసుకుంటారు.

ఏం కావాలి అని అడగడం కంటే, ఇప్పుడు ఎలా గడుపుతున్నారు అని అడగడం మేలు. ‘మీకు వాకింగ్ ట్రాక్ కావాలా’ అంటే అందరూ కావాలంటారు. ‘నిన్న సాయంత్రం ఎక్కడ నడిచారు, ఎందుకు ఆపేశారు’ అంటే పనికొచ్చే జవాబు వస్తుంది. ఎవరో ‘చీకటి పడ్డాక ఆ గోడ వెంబడి రాలేను’ అంటారు. ఆ ఒక్క మాటతో గేటు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది.

సాయంత్రం సభకు ఎవరొస్తారో మీకూ తెలుసు: తీరిక ఉన్నవాళ్లు, మైకు అంటే భయం లేనివాళ్లు. సెకండ్ షిఫ్టులో ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలు రారు. పార్కు ఎక్కువగా కావాల్సింది వాళ్లకే. వియన్నా నగరంలో 1990ల రెండో సగంలో చేసిన అధ్యయనంలో, తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని తేలింది. కారణం వాళ్లకు ఆటలంటే ఇష్టం లేక కాదు. ఉన్న ఒక్క మైదానాన్నీ మగపిల్లలు ఆక్రమించుకుంటే, పోటీపడి చోటు తెచ్చుకోవడం కంటే ఇంటికి పోవడం నయమనుకున్నారు. 1999లో రెండు పార్కుల్లో మైదానాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి, లోపలికి రావడానికి దారులు పెంచితే ఆడపిల్లలు మళ్లీ రావడం మొదలైంది. ఇది ఏ సభలోనూ ఎవరూ లేచి చెప్పే విషయం కాదు. బడి గేటు దగ్గర, బస్టాపులో, ఆసుపత్రి వరండాలో పది నిమిషాలు నిలబడి అడిగితే వచ్చే విషయం. సభను ఒకటి పెట్టండి, తప్పదు. కానీ మీ శ్రమలో నాలుగో వంతుకు మించి దానికి పెట్టకండి.

ప్రస్తుతం ఆ స్థలాన్ని వాడుకుంటున్నవాళ్లను మర్చిపోకండి. ‘ఖాళీ స్థలం’ అని మీరు రాశారు గానీ, పదేళ్లు మూతపడిన ఫ్యాక్టరీ ఏదీ ఖాళీగా ఉండదు. గోడ కన్నంలోంచి దూరి ఆడుకునే పిల్లలుంటారు, అడ్డదారిగా నడిచేవాళ్లుంటారు, గోడకు ఆనించి నివాసం ఏర్పరచుకున్నవాళ్లుంటారు. కాగితం మీద హక్కు లేనివాళ్లు సభకు రారు. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి, గోడ కట్టాక కాదు, ఇప్పుడే.

చిమ్నీ గొడవ గురించి. సియాటెల్ నగరంలోని గ్యాస్ వర్క్స్ పార్కు ఇలాంటి గొడవలోంచే పుట్టింది. అక్కడ 1906 నుంచి 1956 దాకా గ్యాస్ తయారైంది, 1962లో నగరం ఆ స్థలాన్ని కొన్నది. అందరూ ఆ తుప్పు పట్టిన బురుజులను కూల్చి పచ్చిక పరచాలనుకున్నారు. రూపశిల్పి రిచర్డ్ హాగ్ మాత్రం వాటిని ఉంచాలన్నాడు. ఆయన చేసిన తెలివైన పని ఉపన్యాసాలివ్వడం కాదు. ఆ స్థలంలోనే పాత కమ్మరి షెడ్డులో ఆఫీసు తెరిచి జనాన్ని లోపలికి రానిచ్చాడు. దూరం నుంచి చూసి అసహ్యించుకున్న ఇనుము దగ్గరికొచ్చి చూస్తే వేరుగా కనిపించింది. అందరూ మారలేదు. ఆ స్థలం కొనడానికి పాటుపడిన కౌన్సిలర్ మర్టిల్ ఎడ్వర్డ్స్ పేరు పార్కుకు పెట్టాలనుకుంటే, బురుజులు ఉంచారన్న కోపంతో ఆమె కుటుంబం ఆ పేరు వద్దంది. పార్కు 1975లో తెరుచుకుంది. గాలిపటాలు ఎగరేసే గుట్ట ఉంది కదా అక్కడ, అది కూల్చిన పునాదుల శిథిలాల మీద మట్టి కప్పి లేపిందే. అయితే కథ అక్కడితో అయిపోలేదు. నేల పరీక్షల కోసం 1984లో పార్కును కొంతకాలం మూసేశారు. ఒడ్డు పక్కన నీళ్లలోకి ఇప్పటికీ దిగనివ్వరు.

జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడ్డ ఉక్కు కర్మాగారం కూడా అంతే. కూల్చేస్తామంటే స్థానికులు సంఘం పెట్టుకుని అడ్డుపడ్డారు. పీటర్ లాట్జ్ డిజైన్‌తో 1994లో పార్కుగా తెరిచారు. ముడి ఖనిజం పోసుకునే గోడల మీద ఇప్పుడు పర్వతారోహణ నేర్చుకుంటున్నారు, గ్యాస్ ట్యాంకులో నీళ్లు నింపి 13 మీటర్ల లోతున డైవింగ్ చేస్తున్నారు. పాత కట్టడాన్ని ఉంచడం అంటే మ్యూజియం చేయడమే అనుకునేవాళ్లకు ఈ ఫొటోలు చూపించండి.

అంతమాత్రాన చిమ్నీని ఉంచాలని నేను అనను. కొందరికి అది ఊరి గుర్తు, కొందరికి తండ్రి ఊపిరితిత్తులు. ఇద్దరి మాటా నిజమే. ఓటింగు పెడితే ఒకరు ఓడతారు, ఆ ఓటమిని పార్కు ఉన్నంతకాలం మోస్తారు. ముందు కట్టడం బలం పరీక్షించమని ఇంజనీరును అడగండి. నిలబెట్టే ఖర్చు ఎంత, ఏటా మరమ్మతు ఎంత అనే రెండు అంకెలు బల్ల మీద పెట్టాకే చర్చ మొదలుపెట్టండి. సగం ఎత్తుకు కోసి ఉంచడం, ఇటుకలతో కూర్చునే గోడ కట్టడం లాంటి మధ్య మార్గాలు అప్పుడే కనిపిస్తాయి.

అద్దెల సంగతి ఎవరూ ఎత్తరు, మీరు ఎత్తండి. న్యూయార్కులో పాత సరుకు రైలు వంతెన మీద 2009లో తెరిచిన హై లైన్ పార్కు ఎంత పేరు తెచ్చుకుందో తెలిసిందే. దాని చుట్టూ లేచిన భవనాలూ, పెరిగిన ధరలూ కూడా తెలిసినవే. పక్కనే ప్రభుత్వ గృహాల్లో ఉన్నవాళ్లకు అది తమ కోసం కట్టింది కాదనిపించింది. డిజైన్ ఎలా ఉండాలని కాకుండా, మీకు ఏం చేయగలం అని ముందే అడిగి ఉండాల్సిందని దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ హామండ్ 2017లో ఒప్పుకున్నాడు. మీ పార్కు పక్క వీధిలో అద్దెకున్నవాళ్లు ఇదే భయంతో మొత్తం పథకాన్ని వ్యతిరేకించవచ్చు. వాళ్లకు పచ్చదనం ఇష్టం లేదని తీర్మానించకండి. అద్దెలు మీ కమిటీ చేతిలో లేకపోయినా, తోటమాలి పనులు, కాపలా పనులు, లోపలి దుకాణాల కేటాయింపు ఎవరికి అన్నది మీ చేతిలో ఉండొచ్చు.

చివరగా మీరు ‘ఏడాదిలో తెరుస్తాం’ అని కరపత్రంలో అచ్చు వేయబోతున్నారు. ఆ వాక్యం కొట్టేయండి. న్యూయార్కులో ఫ్రెష్ కిల్స్ అనే చెత్తకుప్పను 2001లో మూసి పార్కు పని మొదలుపెడితే, లోపలి గుట్టల వైపు మొదటి భాగం జనానికి తెరవడానికి 2023 అయింది. మీది అంత పెద్దది కాదు, అయినా మట్టి పరీక్ష, శుద్ధి, అనుమతులు ఏడాదిలో తెమలవు. తేదీకి బదులు, పరీక్షలో బాగుందని తేలిన ఒక చిన్న పట్టీని, గేటు పక్కన పాత సైకిల్ స్టాండు లాంటిది, ముందు తెరిచేయండి. నాలుగు బెంచీలు, ఒక దీపం, ఒక నోటీసు బోర్డు. ఆ బోర్డు మీద ప్రతి నెలా మూడు నిలువు వరసలు రాయండి: మీరు చెప్పింది, మేం చేసింది, చేయలేనిది ఎందుకు చేయలేదో. మూడో వరస ఖాళీగా ఉంటే ఎవరూ నమ్మరు, నింపండి.

మట్టి ఫలితాలు చేతికొచ్చాక ఆ బీరువా తాళం తీయండి. మూడు డిజైన్లలో ఒకటి మిగిలినా అదృష్టమే. ఫ్యాక్టరీ ఏం తయారు చేసేదో, పాత ప్లాను ఎవరి దగ్గరైనా ఉందో రాస్తే, నమూనాలు ఎక్కడెక్కడ తీయించాలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.